ఉదయగిరిని కట్టించింది ఎవరు? రాయలకు ముందున్న నూటడెబ్బై ఏళ్లు

బడిలో పిల్లల చేత ఊరి చరిత్ర మీద గోడపత్రిక రాయిస్తున్నానని చెబుతూ మీరు మూడు సంగతులు అడిగారు. ఉదయగిరి కోటను శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడని ఊళ్ళో పెద్దలంటుంటే, జిల్లా గురించిన పాత పుస్తకాల్లో లాంగూల గజపతి పేరు కనిపిస్తోందనీ, ఇద్దరిలో ఎవరి పేరు రాయాలనీ, అసలు వారికి ముందు అక్కడ ఊరంటూ ఉందా అనీ, కొండ కింది ఊరి సంగతేమిటనీ మీ సందేహం. నెల్లూరు జిల్లా శాసనాలను చాలాకాలంగా చదువుతూ, కళాశాలలో చరిత్ర పాఠం చెప్పినవాడిగా నా సలహా ఒక్కటే: కట్టించినవాడిగా ఆ ఇద్దరిలో ఎవరి పేరూ రాయించకండి. రాయలు 1514లో ఉదయగిరిని గెలిచాడు. అప్పటికి సుమారు నూటడెబ్బై ఏళ్ల ముందు నుంచే ఆ దుర్గం ఒక రాజ్యానికి ముఖ్యపట్టణంగా ఉంది. పైగా ఆ కాలంలో ఎక్కువ భాగం అది విజయనగరం వారి చేతిలోనే ఉంది గనుక, రాయలు చేసింది పరాయి కోటను పట్టుకోవడం కూడా కాదు, తన సింహాసనం పోగొట్టుకున్న కోటను తిరిగి తెచ్చుకోవడం. ఊరి తొలి చరిత్ర అంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు చోటు సంగతి చూద్దాం. నెల్లూరుకు వాయవ్యంగా, వంద కిలోమీటర్లకు దగ్గరగా, వెలిగొండల తూర్పు వాలు కింద ఉదయగిరి ఉంది. దుర్గం ఉన్న కొండ సముద్ర మట్టానికి 3,079 అడుగుల ఎత్తు. దాని పక్కలు కొన్నిచోట్ల దాదాపు వెయ్యి అడుగుల మేర గోడ కోసినట్టు నిట్టనిలువుగా దిగుతాయి. తూర్పున అడవిలో నుంచి ఒక బాట, పడమట నుంచి ఒక కాలిబాట, ఈ రెండు తప్ప పైకి ఎక్కే దారి పూర్వం లేదని జిల్లా గురించి రాసిన ఆంగ్లేయ అధికారులు నమోదు చేశారు. కొండకు పడమటి వైపు వెలిగొండలు దాటితే బద్వేలు, పోరుమామిళ్ల సీమ. తూర్పుకు దిగితే కావలి మీదుగా సముద్రతీరం. దక్షిణాన సోమశిల దగ్గర పెన్న వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి వస్తుంది. కర్ణాటక వైపు నుంచి తీరానికి దిగే సేనను గానీ, ఉత్తరాన కృష్ణ వైపు నుంచి నెల్లూరు మీదికి వచ్చే సేనను గానీ అడ్డుకోవాలనుకున్న ప్రభువుకు ఇంతకంటే మంచి మెట్ట దొరకడం కష్టం. ఉదయగిరికి చరిత్ర ఎందుకు వచ్చిందో తెలియాలంటే రాజుల పేర్ల కంటే ముందు పిల్లల చేత ఈ పటం గీయించండి.

లాంగూల గజపతి కథ జనశ్రుతి. ఒరిస్సా పాలకుల్లో లాంగూల నరసింహుడని పేరుపడ్డవాడు కోణార్క ఆలయం కట్టించిన నరసింహదేవుడు. అతని కాలం 13వ శతాబ్దం మధ్యభాగం. ఆ శతాబ్దంలో నెల్లూరు సీమ ఎవరి చేతిలో ఉందో మనకు బాగా తెలుసు. తిక్కన సోమయాజి మంత్రిగా ఉన్న మనుమసిద్ధి తెలుగు చోడ వంశంవాడు. అతనిని దాయాదులు వెళ్లగొడితే తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సాయం అర్థించాడు, గణపతిదేవుడు వచ్చి మనుమసిద్ధిని తిరిగి నిలబెట్టాడు. చోడులు, కాకతీయులు, మధ్యలో నెల్లూరులో వీరాభిషేకం చేయించుకున్న పాండ్యుడు, వీరి మధ్య ఒరిస్సా రాజు వచ్చి వెలిగొండల కింద కోట కట్టడానికి చోటు లేదు. గజపతులు ఉదయగిరికి వచ్చింది నిజమే, కానీ అది ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు. ఆ తర్వాతి గజపతుల పాలన జ్ఞాపకమే జనం నోట వెనక్కి జరిగి, వేరే వంశంవాడైనా ఒరిస్సా రాజుల్లో అందరికీ తెలిసిన ఒక పాత పేరుకు అతుక్కుందని నా అభిప్రాయం. జనశ్రుతి అబద్ధమని పిల్లలకు చెప్పనక్కరలేదు. గజపతులు ఇక్కడ ఉన్నారన్న నిజాన్ని అది మోసుకొచ్చిందనీ, కాలాన్ని మాత్రం తారుమారు చేసిందనీ చెబితే చాలు.

ఉదయగిరికి గట్టి ఆధారం దొరికేది 14వ శతాబ్దం నడుమ నుంచి. 1323లో ఓరుగల్లు పడిపోయాక తూర్పు తీరంలో ఎవరికి వారు రాజ్యాలు నిలబెట్టుకున్నారు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి, తుంగభద్ర ఒడ్డున సంగముని కొడుకులు అప్పుడే లేచారు. సంగముని కొడుకులు అయిదుగురు: హరిహరుడు, కంపన, బుక్కరాయలు, మారప్ప, ముద్దప్ప. కొత్త రాజ్యాన్ని అన్నదమ్ములు దిక్కుకొకరుగా పంచుకుని కాపాడుకున్నప్పుడు తూర్పు దిక్కు కంపన వంతుకు వచ్చింది, అతని నెలవు ఉదయగిరి. మన ఊరి పేరు రాజకీయ చరిత్రలోకి ఎక్కింది ఇక్కడే. అప్పటికి విజయనగరం ఇంకా సామ్రాజ్యం కాలేదు, అన్నదమ్ములు కొత్తగా నిలబెట్టుకున్న సంసారం లాంటిది. ఆ సంసారంలో ఉదయగిరి ఇంటి తూర్పు గుమ్మం.

కంపన మంత్రి ఎవరో తెలిస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు. వేదాలకు భాష్యం రాసిన సాయణాచార్యుడే ఆ మంత్రి. భాష్యాలు బుక్కరాయలు, రెండవ హరిహరరాయల కాలంలో తయారయ్యాయి. అంతకు ముందు ఆయన ఉద్యోగ జీవితంలో తొలి భాగం గడిచింది ఉదయగిరి ప్రభువుల కొలువులో. కంపన మరణించేనాటికి అతని కొడుకు రెండవ సంగముడు పసివాడు కావడంతో, ఆ పిల్లవాడికి చదువు చెప్పే బాధ్యతా, అతని పేరిట పాలన నడిపే బాధ్యతా సాయణుడి మీదనే పడ్డాయి. సాయణుడి తమ్ముడు భోగనాథుడు కవి, ఆ సంగముడికి నర్మసచివుడు, అంటే సరసం తెలిసిన ఆంతరంగికుడు. భోగనాథుడు రచించిన ఒక దానశాసనం నేటికీ మనకుంది. శకం 1278లో, అంటే సామాన్య శకం 1356లో, సంగముడు తన శైవ గురువు శ్రీకంఠనాథుని ప్రేరణతో బిట్రగుంట గ్రామాన్ని బ్రాహ్మణులకు అగ్రహారంగా ఇచ్చి, ఆ గురువు పేరిట దానికి శ్రీకంఠపురమని పేరు పెట్టాడు. బిట్రగుంట పేరు వింటే మనకు రైలు జంక్షను తప్ప మరొకటి గుర్తుకు రాదు గానీ, ఉదయగిరి చరిత్రకు తొలి స్తంభాల్లో ఒకటి ఆ పేరుతోనే నిలిచి ఉంది. పెట్టిన కొత్త పేరు నిలవలేదు, పాత పేరే నిలిచింది. జనం వాడుకకు ఎదురు నిలిచే రాజశాసనాలు తక్కువ.

ఇక్కడ పిల్లలకు పనికివచ్చే ఒక లెక్క చెబుతాను. శాసనంలో శక సంవత్సరం ఉంటే దానికి 78 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఉగాది జనవరిలో రాదు గనుక ఏడాది చివరి నెలలకు 79 కలపాలి. లెక్క సరిపోయిందో లేదో శాసనంలో ఉండే సంవత్సరం పేరుతో సరిచూడవచ్చు, ఎందుకంటే ఆ పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. 1356లో ఉగాదికి వచ్చింది దుర్ముఖి. మన కాలంలో 2016 ఉగాదికి వచ్చిందీ దుర్ముఖే. మధ్యలో 660 ఏళ్లు, అంటే పదకొండు ఆవృత్తులు. అదే తీరున శకం 1436 భావ సంవత్సరం, అది 1514. మన కాలంలో భావ 1994లో వచ్చింది, తేడా 480 ఏళ్లు, ఎనిమిది ఆవృత్తులు. గుడి గోడ మీద గానీ, చెరువు తూము దగ్గర గానీ కనిపించే ఏ తేదీనైనా హైస్కూలు పిల్లలు ఈ పద్ధతితో తామే తేల్చుకోవచ్చు. శకం సంఖ్యకూ సంవత్సరం పేరుకూ పొంతన కుదరకపోతే, చెక్కినవాడో, అచ్చువేసినవాడో పొరపడ్డాడని అనుమానించాలి.

రెండవ సంగముని తర్వాత ఉదయగిరి బుక్కరాయల కుటుంబం చేతికి వచ్చింది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడనే మరో పేరు కలవాడు, తండ్రి తరఫున తూర్పు సీమను ఏలుతూ ఉదయగిరి కొండ మీద నివసించాడు. ఈ సంగతి చెప్పే శాసనం ఉదయగిరిలో లేదు. వెలిగొండలకు అవతల, కడప జిల్లా పోరుమామిళ్లలో, భైరవుని గుడి ముందు నిలిపిన రెండు రాతి పలకల మీద ఉంది. నా దృష్టిలో మన ఊరి తొలి చరిత్రకు అంతకంటే విలువైన రాత మరొకటి లేదు. మీ పత్రికలో కొంచెం ఎక్కువ చోటు దానికే ఇవ్వండి.

ఆ శాసనం శకం 1291 సౌమ్య సంవత్సరం, అంటే 1369 నాటిది. భాస్కరుడు పోరుమామిళ్ల దగ్గర అనంతరాజసాగరమనే చెరువు కట్టించిన సంగతి చెబుతూ, మంచి చెరువు ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో సంస్కృత శ్లోకాల్లో వివరిస్తుంది. చెరువుకు పన్నెండు సాధనాలు కావాలంటుంది. ధర్మమూ ధనమూ కీర్తి మీద కోరికా ఉన్న రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమన్ను నేల, మూడు యోజనాల దూరం నుంచి ప్రవహించి వచ్చే తీపినీటి ఏరు, ఆ ఏటిని తాకే కొండ భాగాలు, వాటి నడుమ మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట, విశాలమైన లోతైన గర్భం, దగ్గరలో పొడవాటి సూటి రాళ్లు దొరికే గని, చదునుగా సారవంతంగా ఉన్న ఆయకట్టు పొలాలు, పనితనం తెలిసిన కూలీల గుంపు, ఇవి అందులో ముఖ్యమైనవి. తర్వాత ఆరు దోషాలు చెబుతుంది: కట్ట ఊటెక్కడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీరు తక్కువై పారకపు భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం. పనిలో రోజుకు వెయ్యిమంది కూలీలు చెరువు మీదా కట్ట మీదా పనిచేశారనీ, రాతిపనికి సరుకు తోలడానికి వంద బండ్లు నడిచాయనీ, కట్టడానికి రెండేళ్లు పట్టిందనీ కూడా ఆ పలకల మీద ఉంది. ఆ చెరువు ఇప్పటికీ పారుతోంది.

ఈ దోషాల్లో మూడోదాన్ని పిల్లల చేత మళ్లీ చదివించండి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు కట్టవద్దనడం ఇంజనీరింగు సూత్రం కాదు, పాలకుడికి అనుభవం నేర్పిన జాగ్రత్త. తగాదా వస్తే కట్టకు గండి కొట్టేది పక్క రాజ్యంవాడు. ఉదయగిరి ప్రభువుకు ఉత్తరాన కొండవీటి రెడ్లు, వాయవ్యంగా బహమనీలు ఉన్నారు. అలాంటి ప్రభువు చెరువును వెలిగొండల చాటున, పొలిమేరకు దూరంగా, తన సీమ నడిబొడ్డున కట్టించుకున్నాడు. కొండ మీద దుర్గం కాపలా కోసం, కొండ వెనుక చెరువు కూటి కోసం. మన ప్రాంతంలో కోట కథ చెప్పేవారు చాలామంది ఉన్నారు గానీ, ఆ కోటను నిలబెట్టిన గింజలు ఏ ఆయకట్టులో పండాయో అడిగేవారు తక్కువ.

అప్పటి నుంచి శాసనాల్లో ‘ఉదయగిరి రాజ్యం’ అనే మాట స్థిరపడింది. దాన్ని చూసి ఇక్కడ వేరే స్వతంత్ర రాజ్యం ఉండేదని పొరబడకూడదు. విజయనగర పాలనలో రాజ్యమంటే పెద్ద మండలం. దాని కింద సీమలు, వాటి కింద స్థలాలు, అన్నిటి కింద గ్రామాలు. నెల్లూరు జిల్లాలోనే కాక ప్రకాశం, కడప జిల్లాల్లోని భాగాలు కూడా ఆనాడు ఉదయగిరి రాజ్యంలోనివి. పాకనాడు, పొత్తపినాడు, ములికినాడు అని మనం వినే పాత సీమల్లో చాలా ఊళ్ల శిస్తు లెక్కలు చేరింది ఈ కొండకే. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. మీ మండలంలోని ఊళ్ల పేర్లు వాటిలో వెతికిస్తే ఫలానా ఊరు ఉదయగిరి రాజ్యానికి చెందినదని చెప్పే మాటలు పిల్లలే పట్టుకోగలుగుతారు. ఈనాడు ఒక మండల కేంద్రంగా మిగిలిన ఊరు ఒకప్పుడు ఎంత దూరం వరకు పెద్దరికం చేసిందో తెలియడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

ఆ మండలాన్ని నమ్మకస్తులకు మాత్రమే అప్పగించేవారు. రెండవ హరిహరరాయల కొడుకు దేవరాయలు యువరాజుగా ఉదయగిరిని ఏలి, ఆ తర్వాత విజయనగర సింహాసనం ఎక్కాడు. అతడు సింహాసనం ఎక్కాక అతని కొడుకు రామచంద్రరాయలు ఉదయగిరికి వచ్చాడు. అంటే సుమారు అరవై, డెబ్బై ఏళ్ల పాటు రాజు తమ్ముడో, అన్నదమ్ముల బిడ్డో, సొంత కొడుకో తప్ప మరొకరు ఈ కొండ మీద కూర్చోలేదు.

పదిహేనో శతాబ్దం నడిమి భాగంలో విజయనగరం బలహీనపడింది. ఒరిస్సాలో కపిలేశ్వర గజపతి లేచి, తీరం వెంట దక్షిణానికి సేనలు నడిపి, 1460ల నాటికి ఉదయగిరిని కలుపుకున్నాడు. అతని సేనలు కావేరి దాకా వెళ్లి వెనుదిరిగాయి గానీ ఉదయగిరిని మాత్రం వదలలేదు. ఆ కాలంలో గజపతుల తరఫున ఇక్కడ ఉన్న ప్రభువులు తెలుగు సాహిత్యంలో కనిపిస్తారు. దూబగుంట నారాయణకవి తన పంచతంత్రాన్ని ఉదయగిరి ఏలిన తమ్మరాజుకు అంకితమిచ్చాడు. దుగ్గన రాసిన నాచికేతోపాఖ్యానం ఉదయగిరి బసవరాజు మంత్రి గంగనకు అంకితం. దూబగుంట మన జిల్లా ఊరే. గజపతుల పాలన అంటే పరాయి సైన్యం దండు దిగడమని మాత్రమే అనుకునేవారు ఈ అంకితాలను గమనించాలి: కొండ మీద జెండా మారినా కొలువులో తెలుగు మారలేదు.

కపిలేశ్వరుడు పోయాక వారసుల పోరు అదనుగా చంద్రగిరి నుంచి, తర్వాత విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు వచ్చి ఉదయగిరిని పట్టుకున్నాడు. తర్వాత పురుషోత్తమ గజపతి మళ్లీ వచ్చి నరసింహుణ్ణి ఓడించి బందీగా పట్టుకున్నాడు. ఉదయగిరి వదులుకుంటానని ఒప్పుకున్న మీదటే అతనికి విడుదల దొరికింది. ఈ అవమానం నరసింహుడు మరచిపోలేదు. అతడు చనిపోతూ రాయచూరు, ఉదయగిరితో సహా మూడు కోటలను ఎలాగైనా తిరిగి గెలవమని తన వెనుకటివారికి అప్పగింత పెట్టాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కృష్ణదేవరాయలు 1509లో పట్టాభిషిక్తుడయ్యాక గజపతి మీదికి వెళ్లినప్పుడు తొలి గురి ఉదయగిరి కావడానికి కారణం ఈ అప్పగింతేనని కూడా ఆయనే చెబుతాడు.

నూనిజ్ గుర్రాల వ్యాపారి. విజయనగరంలో ఉండి, రాయలు పోయిన కొన్నేళ్లకు, ముట్టడిని ఎరిగినవారి నోట విన్నది రాశాడు. అతని లెక్క ప్రకారం రాయల వెంట వచ్చినవి 34,000 కాల్బలం, 800 ఏనుగులు. కోటలో ఉన్నది పదివేల కాల్బలం, 400 గుర్రాలు. సేనల సంఖ్యలను నేను అంతగా నమ్మను. ఆ కాలంలో ఎవరు రాసినా అవి ఉబ్బే ఉంటాయి. కానీ అతడు చెప్పిన తక్కిన సంగతులు ఆ కొండ ఎక్కినవారెవరికైనా నిజమనిపిస్తాయి. ఆకలితో మాడ్చడం తప్ప ఆ కోటను పట్టే ఉపాయం లేదనీ, అందుకే అంతకంటే ఎక్కువ సేన లోపల అక్కరలేకపోయిందనీ అంటాడు. అంటే పైన నీటికీ ధాన్యపు నిల్వకూ ఏర్పాటు గట్టిగా ఉందన్నమాట. అతని మాటల్లో అప్పటికి కోటకు ఒకే ఒక దారి, అదీ మనిషి వెనుక మనిషిగా ఒక్కొక్కరే నడవదగినంత ఇరుకు. రాయలు ఏడాదిన్నర పాటు అక్కడే దిగి, పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి, ఆ ఇరుకు బాటను వెడల్పు చేయించి, కొండ పక్కల మరికొన్ని కొత్త బాటలు తొలిపించి, బురుజుల దగ్గరికి చేరాడు. ఆస్థాన కవుల పద్యాల్లో ఉదయాద్రి విజయం ఒక పాదంలో ముగిసిపోతుంది. నిజంగా ఆ విజయం రాళ్లు కొట్టే ఒడ్డెర పనివాళ్లదో, కత్తి పట్టిన భటులదో తేల్చి చెప్పడం కష్టం. మీ పిల్లల్లో ఎవరైనా రాయలు ఉదయగిరిలో ఏం కట్టించాడని అడిగితే, ముందు చెప్పవలసిన జవాబు దారులు అని.

ముట్టడి 1513 తొలి నెలల్లో మొదలై 1514 జూన్‌లో ముగిసింది. ఈ నడుమ రాయలు కొండ కిందే కూర్చుని ఉండలేదు. 1513లోనే ఫిబ్రవరి, మే, జూన్ నెలల్లో మూడుసార్లు తిరుమల వెళ్లి వచ్చాడని అక్కడి శాసనాలు చెబుతున్నాయి. కోట లొంగినప్పుడు గజపతి బంధువు తిరుమల రౌతురాయుడు పట్టుబడ్డాడు. గజపతి మేనత్త కూడా చిక్కిందనీ, ఆమెను మర్యాదగా చూశారనీ నూనిజ్ రాశాడు. విజయం తర్వాత రాయలు నేరుగా తిరుమల వెళ్లి 1514 జూలై 6న స్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేయించాడు. ఉదయగిరి గుడిలోని బాలకృష్ణుని విగ్రహాన్ని తనతో విజయనగరం తీసుకువెళ్లి, దాని కోసమే కొత్తగా ఆలయం కట్టించి, భావ సంవత్సరం ఫాల్గుణంలో, అంటే 1515 ఫిబ్రవరిలో ప్రతిష్ఠించాడు. హంపీలో యాత్రికులు చూసే కృష్ణాలయం అదే, దాని శాసనంలో మన ఊరి పేరుంది. విగ్రహం మాత్రం ఇప్పుడు గుడిలో లేదు, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒక సూక్ష్మం గమనించండి: రాయలు విగ్రహం తీసుకుపోయాడంటే, ఆయన రాకకు ముందే ఉదయగిరిలో కృష్ణుని గుడి ఉంది, పూజ ఉంది, ఆ పూజ జరిపించే జనమూ ఉన్నారు. రాయలకు ముందు అక్కడ ఊరంటూ ఉందా అన్న మీ ప్రశ్నకు రాయల సొంత శాసనమే జవాబు చెబుతోంది.

విజయం తర్వాత ఈ సీమ పెత్తనం రాయసం కొండమరుసయ్యకు వచ్చింది. అనంతసాగరం చెరువు ఆయన కట్టించినదే. కోట గెలవగానే చెరువు మీద చెయ్యి వేయడం 1369 నాటి భాస్కరుడి పద్ధతే. ఈ సీమలో పాలన అంటే నీటి పని అని ఇద్దరికీ తెలుసు.

కొండ కింది ఊరి గురించి అడిగారు. పాత వర్ణనల ప్రకారం దుర్గంలో మొత్తం పదమూడు కోటలు. ఎనిమిది కొండ మీద, అయిదు కింద. కింద అయిదు ఉండడాన్ని బట్టి, కొలువు, సేన, గుర్రాలు, వాటి మీద ఆధారపడ్డ వృత్తులవారు మొదటి నుంచీ పైనా కిందా పంచుకుని బతికారని గ్రహించవచ్చు. కొండ మీద అంతమంది ఏడాది పొడుగునా కాపురం ఉండలేరు. సంత, నేత, కుమ్మరం, కమ్మరం అన్నీ కిందనే ఉండాలి. ఊళ్ళోని రంగనాయకుల గుడి ఈ కింది ఊరికి నడిబొడ్డు. కొండ మీది చిన్న మసీదు, పెద్ద మసీదు తర్వాతి కాలానివి. పదిహేడో శతాబ్దం నడుమ గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా కాలంలో కోట పూర్తిగా గోల్కొండ చేతికి వచ్చింది. వాటిని ఆ దశకు చెందినవిగా చూడాలి. గోడపత్రికలో ఈ కట్టడాల బొమ్మలు వేయిస్తే ఏది ఏ శతాబ్దానిదో కింద రాయించండి, అన్నిటినీ రాయల ఖాతాలో వేయకుండా.

తర్వాతి కథ క్లుప్తంగా చాలు. గోల్కొండ తర్వాత మొగలులు, వారి వెనుక ఆర్కాటు నవాబులు. నవాబు ఉదయగిరిని ముస్తఫా అలీఖాన్‌కు జాగీరుగా ఇచ్చాడు. ఆ కుటుంబం చేతిలో జాగీరు 1839 దాకా ఉంది. ఆ ఏడాది కర్నూలు నవాబుతో పాటు ఉదయగిరి జాగీర్దారు కూడా కంపెనీ ప్రభుత్వం మీద కుట్ర చేశాడన్న అభియోగం మీద జాగీరు లాగేసుకుని, ఆఖరి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపించివేశారు. అక్కడితో దుర్గం సైనిక జీవితం ముగిసింది. ఊరు తాలూకా కచేరీతో, సంతతో బతకడం నేర్చుకుంది.

చివరగా ఒక జాగ్రత్త. పిల్లలు ఇంటర్నెట్‌లో ఉదయగిరి అని వెతికితే ముందు కనిపించేవి మన ఊరి బొమ్మలు కావు. భువనేశ్వర్ దగ్గర ఖారవేలుని శాసనమున్న జైన గుహల కొండ ఉదయగిరే. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర గుప్తుల నాటి వరాహమూర్తి ఉన్నదీ ఉదయగిరే. కన్యాకుమారి జిల్లాలో మార్తాండవర్మ కాలపు కోట మరో ఉదయగిరి. వాటి ఫోటోలు మన కోటవిగా చెలామణి అవడం నేను చాలాసార్లు చూశాను. గజపతుల పేరు చెప్పగానే భువనేశ్వర్ గుహల బొమ్మ తగిలించడం మరీ తరచుగా జరుగుతుంది. దుర్గం మీ బడి నుంచి కనిపిస్తూనే ఉంటుంది కదా, తెల్లవారిన వెంటనే ఎండ తూర్పు వాలు మీద పడినప్పుడు ఒక ఫోటో తీయించి అదే వాడండి. నూనిజ్ చెప్పిన ఇరుకు బాట ఎటు నుంచి ఎక్కిందో కూడా పిల్లలు దాని మీద గీత గీసి చూపించగలరు.